మేనేజర్ లేని వాట్సాప్ గ్రూప్

నమస్తే అండీ. ఒకసారి ఫోన్ తీసి, వాట్సాప్‌లో మీ ఆఫీసు గ్రూపులు ఎన్ని ఉన్నాయో చూడండి. మేనేజర్ ఉన్నది ఒకటి ఉంటుంది. అందులో గుడ్ మార్నింగ్‌లు, "నోటెడ్ సర్"లు, పుట్టినరోజు కేకు బొమ్మలు. దాని కిందే ఇంకోటి ఉంటుంది. అందులోనూ ఇవే మొహాలు, ఒక్క మొహం తక్కువ. ఆ తక్కువైన మొహం ఎవరిదో నేను చెప్పక్కర్లేదు. ఈరోజు కబుర్లు ఆ రెండో గ్రూపు గురించే.

నేను మాదాపూర్‌లో ఒక కంపెనీ సపోర్ట్ టీమ్‌లో నాలుగేళ్లు చేశాను. పేరు వద్దులెండి. మధ్యాహ్నం ఒంటిగంటకి లాగిన్, రాత్రి పదికి లాగౌట్. మా రెండో గ్రూపు పేరు "క్యాబ్ నంబర్ త్రీ". మా టీమ్‌లో కూకట్‌పల్లి వైపు వెళ్లే ఐదుగురం. ఒకాయనది అమలాపురం, ఒకామెది కరీంనగర్, ఇంకొకడు పాట్నా నుంచి వచ్చి మన హైదరాబాదీ హిందీ నేర్చేసుకున్నవాడు. మమ్మల్ని కలిపింది అభిరుచులు కాదు, భాష కూడా కాదు. ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ వాడు రూట్ షీట్‌లో పక్కపక్కన రాశాడు, అంతే.

1998లో సైబర్ టవర్స్ తెరిచిన దగ్గర్నుంచి ఆ చుట్టుపక్కలకి అన్ని జిల్లాల వాళ్లూ వచ్చి పడ్డారు కదా, కాఫీ మెషీన్ దగ్గర మొదటి ప్రశ్న ఎప్పుడూ "మీదేవూరండీ?" అనే. అందుకని మనం ఊరిని బట్టి, భాషని బట్టి గుంపులు కడతాం అనుకుంటాం. కొంతవరకు నిజమే. కానీ ఊరు కలిసినా పక్క ఫ్లోర్‌లో కూర్చునేవాడితో ఏడాదికి రెండుసార్లు మాట్లాడతాం. రోజూ గంటసేపు మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునేవాడికి మాత్రం ఇంట్లో గొడవలు కూడా చెప్పేస్తాం.

ఇది ఎప్పుడో పరిశోధించి చూసిందే. అమెరికాలో ఎంఐటీ దగ్గర, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చి చదువుకుంటున్నవాళ్ల కుటుంబాలకి క్వార్టర్స్ కట్టారు. ఇల్లు ఎక్కడన్నది వాళ్ల చేతిలో లేదు. ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అనే ముగ్గురు పరిశోధకులు వెళ్లి మీ స్నేహితులు ఎవరని అడిగారు. 1950లో పుస్తకం వేశారు. ఎక్కువమంది చెప్పింది పక్కింటివాళ్ల పేర్లే. మెట్ల దగ్గర ఇల్లు వచ్చినవాళ్లకైతే పైఅంతస్తులో కూడా స్నేహాలు. మెట్లు చేసిన స్నేహం అన్నమాట. మాకు ఆ మెట్ల పని మా క్యాబ్ ఇన్నోవా చేసింది.

సరే, అసలు సంగతికి వద్దాం.

మా టీమ్‌లో రోజుకి ఎనిమిది టికెట్లు, అంటే కస్టమర్ల కంప్లైంట్లు, క్లోజ్ చేయడం అలవాటు. టార్గెట్ కూడా దాదాపు అంతే. కొందరికి పది పన్నెండు చేసే సత్తా ఉంది. చేయరు. సాయంత్రం ఆరుకే ఎనిమిది అయిపోతే, తొమ్మిదోది చేసి ఉంచుకుని మర్నాడు లాగిన్ అవగానే క్లోజ్ కొడతారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు. నేను చేరిన రెండో వారానికే నాకూ వచ్చేసింది.

అప్పుడు ఒక కుర్రాడు చేరాడు. నెమ్మదస్తుడు. గచ్చిబౌలిలో రూమ్, సొంత బండి మీద వచ్చేవాడు. మొదటి వారమే రోజుకి పధ్నాలుగు క్లోజ్ చేశాడు. రెండో వారమూ అంతే.

ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. "టీకి వస్తావా" అని అడగడం మానేశారు. రాత్రి ఏడున్నరకి బాక్సులు తెరిచే టేబుల్ దగ్గర అతను వచ్చేసరికి కుర్చీ ఉండేది కాదు. మా రెండో గ్రూపులో అతనికి "తుఫాన్ ఎక్స్‌ప్రెస్" అని పేరు పడింది. పెట్టింది అమలాపురం అన్న. నవ్వే ఎమోజీ పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇక్కడ మిమ్మల్ని షికాగో పక్కన ఉన్న హాథార్న్ ఫ్యాక్టరీకి తీసుకెళ్లాలి. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీది, టెలిఫోన్ సామాన్లు చేసేవాళ్లు. 1931 నవంబర్‌లో పధ్నాలుగు మంది మగవాళ్లని ఒక గదిలో కూర్చోబెట్టారు. తొమ్మిదిమంది వైర్లు చుట్టేవాళ్లు, ముగ్గురు సోల్డరింగ్ చేసేవాళ్లు, ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు. వాళ్ల మధ్యే ఒక మనిషి కూర్చుని ఏం జరుగుతుందో రోజూ రాసుకునేవాడు. జీతం లెక్క గ్రూపు మొత్తం చేసిన పనిని బట్టి. అంటే ఎక్కువ చేస్తే అందరికీ లాభమే. అయినా వాళ్లు రోజుకి రెండు ఎక్విప్‌మెంట్ల దగ్గర, అంటే వైర్లు చుట్టాల్సిన టెలిఫోన్ స్విచ్ యూనిట్లు రెండు అవగానే, చేతులు ఆపేసేవాళ్లు. ఒకరోజు మిగిలిన పని ఇంకోరోజు లెక్కలో వేసి, అన్ని రోజులూ ఒకేలా కనిపించేలా చూసుకునేవాళ్లు. మా తొమ్మిదో టికెట్టే!

ఎవరైనా చెయ్యి తొందర చేస్తే "స్పీడ్ కింగ్" అనేవాళ్లు. అప్పటికీ వినకపోతే జబ్బ మీద ఒక్క గుద్దు. దానికి వాళ్లలో వాళ్లు పెట్టుకున్న పేరు బింగింగ్. తిరిగి ఒకటి గుద్దొచ్చు, గొడవ చేయకూడదు. మన ఆఫీసుల్లో గుద్దులు లేవు కాబట్టి కుర్చీ తీసేస్తాం.

ఆ గదిలో రాయని చట్టాలు ఇంకా ఉన్నాయి. మరీ తక్కువ కూడా చేయకూడదు, వేరేవాళ్ల మీద బతికినట్టు అవుతుంది. పైవాళ్లకి చాడీలు మోయకూడదు. ఇన్‌స్పెక్టర్ అయినా హోదా చూపించకూడదు. చదువుతుంటే నాకు మన మాటలే గుర్తొచ్చాయి. చెంచా, కాకా పట్టేవాడు, సోపు వేసేవాడు, ఓవరాక్షన్, మేనేజర్ మనిషి. ఇన్ని మాటలు ఒకవైపు. రెండోవైపు ఒక్కటే మాట, "మనోడు".

ఇంకో తమాషా. అంత చిన్న గదిలోనూ రెండు ముఠాలు. ముందు కూర్చునేవాళ్లు ఒకటి, వెనక కూర్చునేవాళ్లు ఒకటి. మిఠాయి కూడా విడివిడిగా కొనుక్కునేవాళ్లు. ముందువాళ్లు చాక్లెట్ కొంచెం కొంచెం తెచ్చుకుంటే, వెనకవాళ్లు చవక రకం బోలెడంత తెచ్చుకునేవాళ్లు. ఒకతను ఒకసారి అది తిని తిని జబ్బు పడ్డాడట. ఒక ముఠా రెండో ముఠాకి ఒక్క ముక్క పెట్టేది కాదు. బాక్సుల టేబుల్ దగ్గర ఎవరి గోంగూర ఎవరి ప్లేట్‌లోకి వెళ్తుందో ఒక వారం గమనించండి, మీ ఆఫీసు మ్యాప్ మీకే తెలుస్తుంది.

హెచ్ఆర్ ట్రైనింగ్‌లో చూపించే నాలుగు మెట్ల పీపీటీ గురించి కూడా ఒక మాట. ఫార్మింగ్, స్టార్మింగ్, నార్మింగ్, పెర్ఫార్మింగ్. అంటే గ్రూపు ముందు కలుస్తుంది, తర్వాత గొడవ పడుతుంది, తర్వాత సర్దుకుంటుంది, చివరికి పని చేస్తుంది అని. బ్రూస్ టక్‌మన్ అనే మనస్తత్వవేత్త 1965లో చెప్పినది. ఆయన యాభై వ్యాసాలు చదివి తేల్చాడు, అందులో సగానికి పైగా మానసిక చికిత్స కోసం చేరినవాళ్ల గ్రూపుల గురించి. ఆఫీసులో కూర్చుని చూసింది కాదు. వండర్‌లాకి తీసుకెళ్లి "టీమ్ బిల్డింగ్" అంటారు చూడండి, అక్కడ కూడా క్యాబ్ నంబర్ త్రీ వాళ్లందరూ ఒకే రైడ్ ఎక్కుతారు.

హాథార్న్‌లో పనివాళ్లని ఎందుకు ఆపేస్తున్నారని అడిగారు. ఎక్కువ చేస్తే పనికిచ్చే రేటు తగ్గిస్తారు, లేదా కొందరిని తీసేస్తారు, నిదానంగా చేసేవాడు తిట్లు తింటాడు అన్నారు. ఈ పరిశోధన మీద రాసిన పుస్తకంలో పరిశోధకులు ఏమన్నారంటే, వీళ్లకి అలాంటి అనుభవం ఏదీ లేదు, ఈ భయానికి ఆధారం లేదు అని. నాకు అక్కడ కోపం వచ్చింది. అది మహా మాంద్యం కాలం. 1932 మే నెలలో పని లేక ఆ గదే మూసేశారు. ఆధారం ఇంకేం కావాలి?

మా దగ్గర కూడా ఆ భయమే నిజమైంది. నెలాఖరు రివ్యూలో మేనేజర్ స్క్రీన్ మీద షీట్ పెట్టి, "అతను చేస్తున్నాడుగా, మీకేం అడ్డం?" అన్నాడు. టార్గెట్ పదకొండు అయింది. విచిత్రం ఏంటంటే, ఆ రాత్రి క్యాబ్‌లో మేము మేనేజర్‌ని ఒక్క మాట అనలేదు. దారంతా తిట్టింది కుర్రాడినే.

ఆ నెలలోనే ఉగాది. అతను ఇంటి నుంచి బొబ్బట్లు తెచ్చి డబ్బా టేబుల్ మధ్యలో పెట్టాడు. ఒకరు డైటింగ్ అన్నారు, ఒకరికి అప్పుడే కడుపు నిండింది. సాలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త 1951లో గీతల ప్రయోగం ప్రచురించాడు, వినే ఉంటారు. ముందే చెప్పి పెట్టిన మనుషులు చుట్టూ కూర్చుని, సమానం కాని గీతని సమానం అంటే, నాలుగింట మూడొంతుల మంది కనీసం ఒక్కసారైనా వంత పాడారు. కానీ గుంపులో ఒక్కడు నిజం చెప్పినా చాలు, వంత పాడటం బాగా తగ్గిపోయింది. ఆ రోజు ఆ ఒక్కణ్ని నేను అయ్యుండొచ్చు. నేనేం చేశానంటే, అందరూ లేచాక ఒక బొబ్బట్టు టిష్యూలో చుట్టుకుని నా సీటు దగ్గర తిన్నాను. బాగుంది కూడా.

తర్వాత ఎవరూ ఎవరికీ సారీ చెప్పలేదు. జరిగింది ఏంటంటే, గచ్చిబౌలిలో అద్దె పెంచితే అతను కేపీహెచ్‌బీలో హాస్టల్‌కి మారాడు. బండి అమ్మేశాడు. ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ వాడు మా రూట్ షీట్‌లో ఆరో పేరు రాశాడు. మొదటి మూడు రోజులు వెనక సీటులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగో రోజు వానకి సైబర్ టవర్స్ దగ్గర గంటన్నర ఇరుక్కుపోయాం. పదో రోజుకి అతన్ని గ్రూపులో యాడ్ చేశారు. చేసింది అమలాపురం అన్నే.

టికెట్లా? పధ్నాలుగు కాస్తా పదకొండు అయ్యాయి. ఎవరూ ఏమీ చెప్పలేదు, ఈసారి నిజంగానే. పన్నెండోది చేసి మర్నాటికి ఉంచుకునేవాడు. తర్వాతి ఉగాదికి మళ్లీ బొబ్బట్లు తెచ్చాడు. క్యాబ్ జేఎన్‌టీయూ దాటేలోపు డబ్బా ఖాళీ.