డ్రైవర్ ట్రేస్ లాగ్ చదవడం ఎలా: ఓడీబీసీ ట్రేస్, పీ6స్పై, పోస్ట్‌గ్రెస్ జేడీబీసీ లాగ్ రివ్యూ

అందరికీ నమస్కారం. కర్నూలు నుంచి మాట్లాడుతున్నా. మన దగ్గర మిల్లుల్లో గానీ, కాలేజీల్లో గానీ సాఫ్ట్‌వేర్ మొరాయించిందంటే మొదట వినపడే మాట, "సర్వర్ డౌన్ అయింది సార్." వెళ్ళి చూస్తే సర్వర్ నిక్షేపంగా ఉంటుంది. అప్లికేషన్‌కీ డేటాబేస్‌కీ నడుమ డ్రైవర్ అని ఒకటి ఉంటుంది కదా, దానికి ఏమైందో ఎవరూ అడగరు. అది తను చేసిన ప్రతి పనీ రాసిపెడుతుంది, మనం అడిగితే. దాన్నే ట్రేస్ లాగ్ అంటాం. ఈ రోజు అలాంటివి మూడు తీసుకుని ఏది ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం. ఈ వీడియోలో ఒక్క ప్రశ్న పట్టుకుని పోదాం: లాగ్‌లో ఎర్రర్ మాట అంటున్నది ఎవరు?

మొదటిది విండోస్‌తో వచ్చే ఓడీబీసీ ట్రేస్. ఓడీబీసీ అంటే ప్రోగ్రామ్‌లు డ్రైవర్ ద్వారా డేటాబేస్‌తో మాట్లాడే ఒక పద్ధతి. కొనాల్సిన పని లేదు, ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు. ఓడీబీసీ డేటా సోర్సెస్ తెరిచి, ట్రేసింగ్ ట్యాబ్‌లో ఫైల్ పేరు ఇచ్చి, స్టార్ట్ ట్రేసింగ్ నౌ నొక్కడమే. ముందు ఇది ఆన్ చేసి, ఆ తర్వాతే మీ అప్లికేషన్ తెరవండి. సర్వీస్‌గా నడిచే ప్రోగ్రామ్ అయితే అదే ట్యాబ్‌లో మెషీన్ మొత్తానికి ట్రేసింగ్ అనే టిక్ కూడా పెట్టాలి. లేకపోతే ఫైల్ ఖాళీగా ఉంటుంది, మీరేమో ఏ ఎర్రరూ లేదనుకుంటారు.

ఇక్కడే ఒక తమాషా చెప్పాలి. ఈ టూల్ విండోస్‌లో రెండు ఉంటాయి. సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉన్నది 64 బిట్‌ది. సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉన్నది 32 బిట్‌ది. రెండింటి పేరూ ఓడీబీసీఏడీ32. ఎవరు పెట్టారో గానీ దండం పెట్టాలి. 32 బిట్ అప్లికేషన్‌కు 64 బిట్ వైపు సిస్టమ్ డీఎస్ఎన్ (ఏ డ్రైవర్‌తో ఏ డేటాబేస్‌కు పోవాలో రాసిపెట్టిన సెట్టింగ్) చేసిపెడితే అది కనపడదు. అప్పుడు లాగ్‌లో ఐఎం002 గానీ ఐఎం014 గానీ వస్తుంది. ఈ ఐఎం కోడ్ కనిపిస్తే నెట్‌వర్క్ వాళ్ళకు ఫోన్ చేయకండి. అంతా మీ కంప్యూటర్‌లోనే ఆగిపోయింది, ఒక్క ప్యాకెట్ కూడా బయటికి పోలేదు.

సరే, అసలు లాగ్‌లోకి పోదాం. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు. గేటు దగ్గర కాటా, కాటా పక్కన ఒక పాత కంప్యూటర్, డేటాబేస్ ఏమో కర్నూలు ఆఫీసులో. పొద్దున అంతా బాగానే నడుస్తుంది. మధ్యాహ్నం ట్రాక్టర్లు రాని సమయం పోయాక, మొదటి పత్తి లోడు కాటా ఎక్కగానే చీటీ రాదు. ప్రోగ్రామ్ మూసి తెరిస్తే వస్తుంది. రోజూ ఇదే కథ. వెనక ట్రాక్టర్ల వరస, రైతుల అరుపులు, కాటా దగ్గర పిల్లోడికి టెన్షన్. ట్రేస్ పెట్టాం. స్క్రీన్ మీద చూడండి:

కాటాయాప్ 1ఏ4సీ-0ఎఫ్38 ఎంటర్ ఎస్‌క్యూఎల్‌ఎగ్జిక్‌డైరెక్ట్
కాటాయాప్ 1ఏ4సీ-0ఎఫ్38 ఎగ్జిట్ ఎస్‌క్యూఎల్‌ఎగ్జిక్‌డైరెక్ట్, రిటర్న్ కోడ్ -1
డయాగ్ [08ఎస్01] [మైక్రోసాఫ్ట్][ఓడీబీసీ ఎస్‌క్యూఎల్ సర్వర్ డ్రైవర్] కమ్యూనికేషన్ లింక్ ఫెయిల్యూర్ (0)

ప్రోగ్రామ్ పేరు పక్కన ఉన్న జంటలో ముందుది ప్రాసెస్ నంబర్, వెనకది థ్రెడ్ నంబర్. లాగ్‌లో పది పనులు కలగాపులగంగా ఉంటే ఈ థ్రెడ్ నంబర్ పట్టుకుని వెతకండి. ఎస్‌క్యూఎల్‌ఎగ్జిక్‌డైరెక్ట్ అంటే డేటాబేస్‌కు పని చెప్పే కాల్. ఎంటర్ అంటే కాల్ మొదలైంది, ఎగ్జిట్ అంటే ముగిసింది. ప్రతి ఎంటర్‌కూ ఒక ఎగ్జిట్ ఉండాలి. ఎంటర్ ఉండి ఎగ్జిట్ లేదంటే ప్రోగ్రామ్ ఆ కాల్ లోపలే ఇరుక్కుపోయింది, లేదా అక్కడే చచ్చిపోయింది.

రిటర్న్ కోడ్ 0 అంటే పని అయింది. 100 అంటే ఇక వరసలు లేవని, అది ఎర్రర్ కాదు. 1 అంటే పని అయింది గానీ ఒక మాట చెప్పాలి అని. కొత్తవాళ్ళు ఈ 1 దగ్గరే బెదిరిపోతారు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు కనెక్ట్ అయినప్పుడల్లా 01000 కోడ్‌తో రెండు మెసేజ్‌లు వస్తాయి, 5701, 5703 అని. ఒకటి డేటాబేస్ మారింది అంటుంది, ఇంకోటి భాష సెట్టింగ్ మారింది అంటుంది. అవి మామూలే, వదిలేయండి. -1 అంటేనే అసలు ఎర్రర్, దాని కింద డయాగ్ లైన్ చదవాలి.

ఆ డయాగ్ లైన్‌లో జనం ఇంగ్లీషు మెసేజ్ చదువుతారు. నేనైతే ముందు బ్రాకెట్లు చూస్తా. చివరి బ్రాకెట్ ఎవరిదో వాళ్ళే మాట్లాడుతున్నారు. చివర ఓడీబీసీ డ్రైవర్ మేనేజర్ అని ఉంటే గొడవ విండోస్ సెట్టింగ్ దగ్గరో, ఆ ప్రోగ్రామ్ కాల్స్ చేసిన తీరు దగ్గరో ఉంది. డ్రైవర్ పేరుతో ఆగితే డ్రైవర్ ఫిర్యాదు చేస్తోంది, సర్వర్ జవాబు రాలేదు. చివర ఎస్‌క్యూఎల్ సర్వర్ అని ఉంటే సర్వర్ బతికే ఉంది, మీ మాట విని కాదంది. అప్పుడు వెనక ఉన్న నంబర్ పనికొస్తుంది: 18456 అయితే లాగిన్ కుదరలేదు, 208 అయితే ఆ పేరుతో టేబుల్ లేదు, 1205 అయితే డెడ్‌లాక్‌లో, అంటే రెండు పనులు ఒకదాని కోసం ఒకటి ఆగి ఇరుక్కుపోయినప్పుడు, మీ క్వెరీ (డేటాబేస్‌ను అడిగిన పని) బలైంది. ఈ మూడింటిలో ఏది వచ్చినా "సర్వర్ డౌన్" అనేవాడికి లాగ్ తీసి చూపించండి.

మన మిల్లు లాగ్‌లో చివరి బ్రాకెట్ డ్రైవర్‌ది. అంటే దారి తెగింది. ఎక్కువసేపు మాటామంతీ లేని కనెక్షన్‌ను మధ్యలో రౌటరో ఫైర్‌వాలో తెంపేయడం మామూలే. అసలు తప్పు ఆ తర్వాత ఉంది. తర్వాతి చీటీకి ప్రోగ్రామ్ మళ్ళీ ఎస్‌క్యూఎల్‌అలాక్‌హ్యాండిల్ పిలిచింది, అంటే ఉన్న కనెక్షన్ మీద కొత్త పనికి ఒక గుర్తు (హ్యాండిల్) అడిగింది. కింద ఇన్‌పుట్ హ్యాండిల్ అడ్రస్ చూడండి, పొద్దున కనెక్ట్ అయినప్పుడు వచ్చిన అడ్రస్సే. నడుమ ఎక్కడా ఎస్‌క్యూఎల్‌డ్రైవర్‌కనెక్ట్, అంటే కొత్తగా కనెక్ట్ అయ్యే కాల్, లేదు. అంటే తెగిన తాడునే పట్టుకుని లాగుతోంది. నెట్ ఎంత మంచిది వేయించుకున్నా ఈ ప్రోగ్రామ్ ఇంతే. 08ఎస్01 వస్తే మళ్ళీ కనెక్ట్ అవ్వమని కోడ్‌లో రాయాలి. అప్లికేషన్ ఒప్పుకుంటే మైక్రోసాఫ్ట్ కొత్త ఓడీబీసీ డ్రైవర్‌కు మారొచ్చు. ఖాళీగా ఉండి తెగిన కనెక్షన్‌ను తనే మళ్ళీ కలుపుకునే ఏర్పాటు అందులో ఉంది, కనెక్ట్‌రీట్రైకౌంట్ అని. సర్వర్ 2014 వెర్షన్ గానీ ఆ తర్వాతిది గానీ అయి ఉండాలి.

ఇంత పని చేసిపెట్టినా విండోస్ ట్రేస్‌కు నేను పూర్తి మార్కులు వేయను. అందులో టైమ్ ఉండదు. ఏ లైన్ ఎన్ని గంటలకు రాశారో తెలియదు. ఎర్రర్ వెతకడానికి భేష్, స్లో అయిందని వచ్చిన ఫిర్యాదుకు దండగ. పారామీటర్ల (క్వెరీకి మనం ఇచ్చే విలువల) అసలు సంగతి కూడా కనపడదు, మెమరీ అడ్రస్‌లే ఉంటాయి. పైగా ఆన్‌లో ఉన్నంతసేపూ అప్లికేషన్ నత్తనడక నడుస్తుంది. లైనక్స్‌లో యూనిక్స్‌ఓడీబీసీ వాడేవాళ్ళు కాస్త అదృష్టవంతులు. ఓడీబీసీఇన్‌స్ట్ ఫైల్‌లో ట్రేస్ యెస్ అని, ఫైల్ పేరు ఒకటి రాస్తే చాలు, ఇప్పటి వెర్షన్లలో ప్రతి లైన్‌కూ సెకన్లతో సహా టైమ్ వస్తుంది.

రెండోది పీ6స్పై. ఇది జావా వాళ్ళకు. ఓడీబీసీ లాగానే జావా ప్రోగ్రామ్‌లకు జేడీబీసీ అని ఉంటుంది. జేడీబీసీ యూఆర్ఎల్‌లో జేడీబీసీ తర్వాత పీ6స్పై అని చేర్చి, డ్రైవర్ క్లాస్ మారిస్తే అసలు డ్రైవర్ ముందు ఇది నిలబడుతుంది. స్పై.లాగ్‌లో ఒక్కో లైన్ ఇట్లా ఉంటుంది: టైమ్, ఎన్ని మిల్లీసెకన్లు పట్టింది, ఏ రకం, కనెక్షన్ నంబర్, విలువల చోట ప్రశ్న గుర్తులతో ఉన్న క్వెరీ, చివర అసలు విలువలు నింపిన క్వెరీ. చదవడానికి ఇంతకంటే హాయి ఇంకోటి లేదు.

అనంతపురంలో ఒక కాలేజీ ఫీజుల పేజీ తెరుచుకోవడానికి యుగం పట్టేది. లాగ్‌లో స్లో క్వెరీ ఒక్కటీ లేదు. అన్నీ మూడు, నాలుగు మిల్లీసెకన్లే. కానీ ఒకే సెలెక్ట్, ఒకే కనెక్షన్ నంబర్ మీద, స్టూడెంట్ ఐడీ ఒక్కటే మారుతూ పేజీల కొద్దీ ఉంది. క్లాసులో ఎంతమంది ఉంటే అన్నిసార్లు డేటాబేస్ తలుపు తట్టడమన్నమాట. ఇంతకంటే ఎక్కువసేపు పట్టిన క్వెరీలే రాయమనే ఎగ్జిక్యూషన్ థ్రెషోల్డ్ సెట్టింగ్‌ను సెకనుకు పెట్టి ఉంటే ఈ లైన్లు ఒక్కటీ పడేవి కావు. అందుకే మొదటిసారి దాన్ని ముట్టుకోకండి.

పీ6స్పైతో భయం ఒకటుంది. విలువలు నింపిన క్వెరీ అన్నాను కదా, అందులో ఫోన్ నంబర్లు, ఆధార్, బ్యాంకు ఖాతా అన్నీ బట్టబయలు. ఆ ఫైల్‌ను వాట్సాప్ గ్రూపులో వేసి "ఎవరన్నా చూడండన్నా" అనడం నేను కళ్ళారా చూశాను. వద్దప్పా, దయచేసి వద్దు. లైవ్ సిస్టమ్‌లో పెట్టాల్సి వస్తే ఫైల్ ఎవరు తెరవొచ్చో ముందు తేల్చుకోండి.

మూడోది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు ఉన్న జేడీబీసీ డ్రైవర్ సొంత లాగ్. ఇది లోతైనది, అందరికీ అక్కర్లేదు. యూఆర్ఎల్‌లో లాగర్‌ఫైల్ అని రాసే పాత పద్ధతి భద్రత కారణంగా 42.3.3 వెర్షన్‌లో తీసేశారు, ఇప్పుడు జావా సొంత లాగింగ్ సెట్టింగ్‌లోనే లెవెల్ పెంచాలి. ఎఫ్‌ఈ అని బాణం ఉంటే డ్రైవర్ పంపింది, బీఈ అని బాణం ఉంటే సర్వర్ నుంచి వచ్చింది. క్వెరీ నడపమని చెప్పే మెసేజ్‌లు పార్స్, బైండ్, ఎగ్జిక్యూట్, సింక్ పోతాయి. జవాబులు వచ్చి చివర రెడీఫర్‌క్వెరీ, అంటే తర్వాతి పనికి సిద్ధం, అని వస్తుంది.

ఇక్కడ టైమ్ పక్కన పెట్టుకుని సందులు చూడాలి. సింక్ పోయాక జవాబు రావడానికి ఆలస్యమైతే సర్వరో నెట్‌వర్కో కారణం. రెడీఫర్‌క్వెరీ వచ్చాక తర్వాతి ఎఫ్‌ఈ రావడానికి ఆలస్యమైతే మీ కోడే కూర్చుని ఏదో చేస్తోంది, డేటాబేస్ చేతులు కట్టుకుని చూస్తోంది. ఆ రెడీఫర్‌క్వెరీ పక్కన ఒక అక్షరం ఉంటుంది. ఐ అంటే ఖాళీ. టీ అంటే ట్రాన్సాక్షన్ (అంతా అయితేనే ఖాయమయ్యే పనుల కట్ట) తెరిచే ఉంది. ఈ అంటే ట్రాన్సాక్షన్ చెడిపోయింది, రోల్‌బ్యాక్ చేయాలి, అంటే వెనక్కి తీసుకోవాలి. టీ వచ్చాక అరనిమిషం ఏ కదలికా లేదంటే, ఆ అరనిమిషం అది తన లాక్‌లు (వేరేవాళ్ళు మార్చకుండా వేసిన తాళాలు) పట్టుకుని కూర్చుందన్నమాట. పక్కవాడి స్క్రీన్ ఎందుకు వేలాడుతోందో అక్కడ దొరుకుతుంది.

మరి ఏది వాడాలి? ఎర్రర్ వచ్చి ఆగిపోతుంటే ఓడీబీసీ ట్రేస్. జావాలో స్లో అయితే ముందు పీ6స్పై. అది చూశాక కూడా తప్పు సర్వర్‌దా మనదా అని వాదన తెగకపోతేనే మూడోది తెరవండి. సపోర్ట్ వాళ్ళకు పంపేటప్పుడు ఫైల్ మొత్తం పంపకండి. మొదటి -1 ఉన్న చోటు, దానిపైన అదే థ్రెడ్‌వి ఒక యాభై లైన్లు, అప్పుడు మీరు స్క్రీన్ మీద ఏం నొక్కారో ఒక్క వాక్యం రాస్తే చాలు.

పని అయ్యాక స్టాప్ ట్రేసింగ్ నౌ నొక్కడం మాత్రం మరవద్దు. విండోస్ అదే ఫైల్‌కు రాస్తూనే పోతుంది. సి డ్రైవ్ నిండిపోయి మళ్ళీ "సర్వర్ డౌన్ సార్" అని మాత్రం నాకు ఫోన్ చేయొద్దండి.