గొంతు సవరించుకోకండి: టీచర్స్ డే నాటి ఫోన్-ఇన్

(2020 సెప్టెంబర్ 5, శనివారం ఉదయం రేడియోలో వచ్చిన ఫోన్-ఇన్ కార్యక్రమం. విని రాసింది. కాలర్ల పేర్లు తీసేశాం.)

యాంకర్: శ్రోతలందరికీ నమస్కారం. టీచర్లందరికీ ఉపాధ్యాయ దినోత్సవ శుభాకాంక్షలు. మార్చిలో మూతబడ్డ బడులు ఇంకా తెరవలేదు, పాఠాలు మాత్రం ఇంట్లోంచి నడుస్తున్నాయి. ఈ మధ్య మాకొచ్చే మెసేజ్‌లలో గొంతు పోయిందనీ చెవి పోటనీ రాస్తున్న టీచర్లే ఎక్కువ. అందుకే ఇవాళ ఈఎన్‌టీ డాక్టర్ గారిని పిలిచాం. నమస్తే డాక్టర్ గారూ.

డాక్టర్: నమస్తే. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట. గొంతు సవరించుకోకండి. ఖ్హ ఖ్హ అంటారు చూడండి, అది. లోపల రెండు స్వరతంత్రులుంటాయి, వాటిని ఒకదానికొకటి వేసి కొట్టడమే అది. మీరడగబోయే ప్రశ్నల్లో సగానికి జవాబు ఇదే.

యాంకర్: (గొంతు సవరించుకుని) తప్పకుండా...

డాక్టర్: ఇదిగో, మీరే మొదలుపెట్టారు.

యాంకర్: (నవ్వు) అలవాటండీ. మొదటి కాలర్, సిద్దిపేట నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే సార్. నేను గవర్నమెంట్ ప్రైమరీ స్కూల్‌లో ఎస్‌జీటీని. ఒకటో తారీఖు నుంచి టీవీలో, టీశాట్, యాదగిరి ఛానళ్ళలో పాఠాలు మొదలైనాయి కదా. పాఠం అయిపోగానే పిల్లలు చూశారా లేదా అని మేం ఇంటింటికీ ఫోన్ చేస్తున్నాం. తల్లిదండ్రులు పొలంలో ఉంటారు, మూడుసార్లు చేస్తే ఒకసారి ఎత్తుతారు. నాలుగు రోజుల్లోనే ఎడమ చెవి పోటు పట్టుకుంది. ఇయర్‌బడ్‌తో శుభ్రం చేసినా తగ్గలేదు.

డాక్టర్: బడ్ పెట్టబట్టే తగ్గలేదు. గులిమి దానంతటదే బయటికి వస్తుంది, బడ్ దాన్ని లోపలికి తోస్తుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, వేడి నూనె, ఏదీ వద్దు. ఫోన్ చెవికి నొక్కిపెట్టుకోకుండా స్పీకర్‌లో పెట్టి మాట్లాడండి. రెండు రోజుల్లో తగ్గకపోయినా, చీము కారినా చూపించుకోండి.

కాలర్: సార్, ఇంకొకటి, మా బాబుకి...

యాంకర్: లైన్లో చాలామంది ఉన్నారు, ఏమీ అనుకోకండి. తర్వాత గుంటూరు నుంచి... హలో? రేడియో వాల్యూమ్ తగ్గించండి. హలో? కట్ అయినట్టుంది. హనుమకొండ నుంచి ఇంకొకరు. చెప్పండి మేడమ్.

కాలర్: నమస్తే అండీ. పేరు చెప్పకపోతే ఏమన్నా అంటారా? మా స్కూల్‌వాళ్ళు కూడా వింటారు.

యాంకర్: వద్దులెండి, చెప్పండి.

కాలర్: ప్రైవేట్ స్కూల్‌లో తెలుగు చెప్తాను సార్. ఎనిమిది, తొమ్మిది. పదహారేళ్ళ సర్వీసు, ఏనాడూ గొంతు ఇబ్బంది పెట్టలేదు. అరవై మంది ఉన్న క్లాసులో చివరి బెంచీదాకా పద్యం రాగం తీసి చదివేదాన్ని. ఇప్పుడు జానెడు ఫోన్ ముందు కూర్చుని చదువుతుంటే రెండో పాదానికే గొంతు జీరపోతోంది. మూడో క్లాసుకి బొంగురు. ఏదన్నా టాబ్లెట్ చెప్తే...

డాక్టర్: ఎన్నాళ్ళ నుంచి?

కాలర్: జూన్‌లో కొంచెం, మళ్ళీ తగ్గింది. జూలై ఆఖరు నుంచి తగ్గట్లేదు. నాకేం భయమంటే సార్, ఇది కరోనా అని...

డాక్టర్: జ్వరం? దగ్గు? వాసన తెలుస్తోందా?

కాలర్: అన్నీ బాగానే ఉన్నాయి. పోపు మాడితే తెలుస్తోంది. (గొంతు సవరించుకున్నారు)

డాక్టర్: సవరించుకోకండమ్మా. అలా అనిపించినప్పుడు ఒక గుక్క నీళ్ళు మింగండి. నెల దాటింది, జ్వరం లేదు, దగ్గు లేదు. కరోనా కన్నా గొంతు అలసటలాగే ఉంది. మీ రోజు ఎలా గడుస్తుందో చెప్పండి, పొద్దున్నుంచి.

కాలర్: ఏముంది సార్, అందరిలాగే. నాలుగున్నరకి లేస్తాను. వంట, అత్తయ్యకి కషాయం, వీళ్ళకి టిఫిన్. ఎనిమిదిన్నరకి మొదటి క్లాసు. బెడ్‌రూమ్‌లో బీరువాకి ఆనుకుని కింద కూర్చుంటాను, ఎదురుగా బియ్యం డబ్బా, దానిమీద పోపుల పెట్టె, దానికి ఫోన్ ఆనిస్తాను. ఫ్యాన్ ఆపేస్తాను, దాని చప్పుడు పిల్లలకి హోరులా వినిపిస్తుందట. చెమటకి కొంగు తడిసిపోతుంది. వంటింట్లో కుక్కర్ కూత వేస్తే అది ఆగిందాకా ఆగుతాను. మా వాడు ఐదో తరగతి, వాడి క్లాసూ అప్పుడే. మా ఆయన తన ఫోన్ వాడికిచ్చినా ఆఫీసు కాల్ వచ్చిందని మళ్ళీ లాక్కుంటారు, వాడు ఏడుస్తూ నా దగ్గరికొస్తాడు. ఆ పక్కన మా అత్తయ్య టీవీ...

యాంకర్: మేడమ్, ప్రశ్న...

డాక్టర్: ఉండండి, చెప్పనివ్వండి. రోజుకి ఎన్ని క్లాసులు?

కాలర్: ఐదు. ఒక్కోటి నలభై నిమిషాలు.

డాక్టర్: కేంద్రం జూలైలో ప్రజ్ఞత అని మార్గదర్శకాలిచ్చింది. ఒకటి నుంచి ఎనిమిది వరకు రోజుకి రెండు సెషన్లు, తొమ్మిది పైన నాలుగు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు.

కాలర్: అది పిల్లల లెక్క సార్. ఒక్కో సెక్షన్‌కి ఒక క్లాసే. సెక్షన్లు ఐదు, నేను ఒక్కదాన్నే.

డాక్టర్: అదీ నిజమే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటారా?

కాలర్: రెండు చెవులకీ. లేకపోతే అత్తయ్య సీరియల్ పాఠంలో కలుస్తుంది.

డాక్టర్: మీ గొంతు మీకు వినపడుతుందా మరి? రెండు చెవుల్లోనూ వేరే శబ్దం మోగుతుంటే మన గొంతు మనకి సరిగ్గా వినపడదు, తెలియకుండానే పెంచేస్తాం. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న పిల్లాణ్ణి పిలిస్తే "ఏంటీ" అని అరుస్తాడు చూడండి, అదే. ఒక చెవిలోదే ఉంచి రెండోది తీసెయ్యండి.

కాలర్: అలాగే. కానీ సార్, నేను గట్టిగా చెప్పేది అందుక్కాదు. అటు ఎవరున్నారో తెలీదు కదా. అన్నీ నల్ల గళ్ళు. వీడియో పెడితే డేటా అయిపోతుందని ఆపేస్తారు. కొందరి పేర్లు కూడా ఉండవు, ఫోన్ పేరే వస్తుంది. తొమ్మిది బీలో రెడ్‌మీ నోట్ ఎయిట్ అని ఒకళ్ళున్నారు, ఆ పిల్ల ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. "నాయనా రెడ్‌మీ, మైక్ ఆపు" అంటాను. పద్యం చదివి "అర్థమైందా" అంటే ఒక్కళ్ళూ పలకరు. వినపడలేదేమో అని మళ్ళీ చదువుతాను. ఇంకాస్త గట్టిగా. క్లాసులో అయితే ముఖం చూస్తే తెలిసిపోయేది.

డాక్టర్: (కాసేపు ఆగి) అదీ సంగతి. దూరంగా ఉన్నవాళ్ళకి అరిచినట్టు అరుస్తున్నారు. మీ నోటికీ మైక్‌కీ మధ్య ఎంత ఉంటుంది?

కాలర్: మూరెడు.

డాక్టర్: పక్కన కూర్చున్నవాళ్ళతో మాట్లాడే గొంతు చాలు. ఎవరూ పలక్కపోతే మళ్ళీ చదవకండి, వింటున్నవాళ్ళు చాట్‌లో ఒక అంకె కొట్టమనండి. పద్యం మీరే ఐదు సెక్షన్లకీ పాడొద్దు. ఒకసారి రికార్డ్ చేసి అదే వినిపించండి.

కాలర్: రికార్డింగూ చేస్తున్నా సార్. మేనేజ్‌మెంట్‌కి వీడియోలు కూడా పంపాలి. పదింటికి అందరూ పడుకున్నాక వాళ్ళు లేవకుండా గుసగుసగా చెప్పుకుంటాను. అప్పుడన్నా గొంతుకి రెస్ట్.

డాక్టర్: అయ్యో, అది రెస్ట్ కాదు! గుసగుసలాడితే గొంతు ఇంకా బిగుసుకుంటుంది చాలామందికి. విశ్రాంతి అంటే నోరు మూసుకుని ఉండటం. భోజనం ఎన్నింటికి?

కాలర్: వీడియో అయ్యాక హోంవర్క్ ఫోటోలు దిద్దాలి. వాట్సాప్‌లో ఒక్కో పేజీ పెద్దది చేసి వేలితో టిక్ కొట్టాలి. పిల్లలు అడ్డంగా తీసి పంపుతారు, మెడ వంచి చూడాలి. తినేసరికి పదకొండు. తినగానే ఒరిగిపోతాను.

డాక్టర్: కషాయం మీరూ తాగుతారా?

కాలర్: అత్తయ్యకి పెట్టినప్పుడల్లా. మిరియాలు, శొంఠి. నాలుగైదుసార్లు. పొద్దున్నే నోరు పుల్లగా ఉంటుంది.

డాక్టర్: చూశారా, అడిగితేగాని బయటపడదు. రాత్రి తిని వెంటనే పడుకుంటే కడుపులో పులుపు గొంతుదాకా ఎగదన్నుతుంది. దానికి తోడు రోజంతా మిరియాల ఘాటు. మీరు ఎనిమిదింటికల్లా తినెయ్యండి, ఫోటోలు తర్వాత దిద్దుకోవచ్చు. కషాయం కేంద్రంలో ఆయుర్వేదం చూసే ఆయుష్ శాఖవాళ్ళు చెప్పింది కూడా రోజుకి ఒకటి రెండుసార్లే. క్లాసుకీ క్లాసుకీ మధ్య పది నిమిషాలు మాట్లాడకండి, ఇంట్లోవాళ్ళతో కూడా. ఫ్యాన్ వేసుకోండి, తిన్నగా మీదికి రాకుండా కూర్చోండి.

కాలర్: సరే సార్. మరి టాబ్లెట్ ఏదన్నా... చప్పరించే బిళ్ళలన్నా?

డాక్టర్: అమ్మా, టాబ్లెట్ లేదు. బిళ్ళతో చల్లగా అనిపిస్తుంది, తగ్గిందనుకుని ఇంకా గట్టిగా అరుస్తారు. జాగ్రత్తగా వినండి. మూడు వారాలు దాటిన బొంగురు ఏదైనా సరే ఒకసారి స్కోప్‌తో, అంటే గొంతులోకి చూసే చిన్న కెమెరాతో, చూపించుకోవాలి. పలుగు పట్టిన చేతికి కాయలు కాసినట్టు స్వరతంత్రులకీ కాయలు కాస్తాయి. ఆడవాళ్ళ గొంతులో అవి సెకనుకి రమారమి 200 సార్లు కొట్టుకుంటాయి. ఐదు క్లాసులంటే ఎన్నిసార్లో మీ లెక్కల టీచర్‌ని అడగండి. మొదట్లో పట్టుకుంటే చాలావరకు ఆపరేషన్ లేకుండానే, గొంతు వాడే పద్ధతి మార్చుకుంటే తగ్గిపోతాయి.

కాలర్: హాస్పిటల్‌కి పోవాలంటేనే టెన్షన్ సార్ ఇప్పుడు. ఇంట్లో అత్తయ్య ఉన్నారు, షుగర్.

డాక్టర్: నాకు తెలుసు. ముందే ఫోన్ చేసి టైమ్ తీసుకోండి, మాస్క్ తీయకుండా కూర్చోండి. స్కోప్‌కి ముందు కరోనా టెస్ట్ అడిగితే కంగారుపడొద్దు. కానీ వెళ్ళండి. బడులు తెరిచాక వెళ్దాంలే అనుకోవద్దు.

కాలర్: సగం జీతమే ఇస్తున్నారు సార్...

డాక్టర్: గవర్నమెంట్ ఈఎన్‌టీలో చూపించుకోండి. ఈ వారమే.

కాలర్: అలాగే సార్. థాంక్యూ. (గొంతు సవ...) అయ్యో, సారీ.

డాక్టర్: (నవ్వు) నీళ్ళు, నీళ్ళు.

యాంకర్: ధన్యవాదాలు మేడమ్. గుంటూరు నుంచి మళ్ళీ లైన్లోకి వచ్చారు. త్వరగా చెప్పండి సార్.

కాలర్: నమస్కారమండీ. మా ఆవిడ టీచరు. ఇందాక ఆ మేడమ్ చెప్పినట్టే. రోజుకి ఆరుసార్లు ఆవిరి పట్టిస్తున్నానండీ. జండూబామ్ వేసి.

డాక్టర్: ఆరుసార్లా! ఎందుకండీ? ఆవిరితో కరోనా చావదు. మరిగే గిన్నె ఒళ్ళో పడి కాళ్ళు కాలినవాళ్ళని చూస్తున్నాం. గొంతు పొడిబారితే రోజుకి ఒకసారి ఉత్త నీళ్ళతో చాలు, గిన్నె బల్ల మీద పెట్టి. బామ్ వెయ్యొద్దు.

కాలర్: మరి పసుపు వేస్తే?

డాక్టర్: ఏదీ వెయ్యొద్దన్నాను కదా!

యాంకర్: థాంక్యూ సార్. తర్వాత తెనాలి నుంచి రిటైర్డ్ హెడ్‌మాస్టర్ గారు.

కాలర్: నాకు ప్రశ్న లేదండీ, ఒక సలహా. మా రోజుల్లో అరిచేవాళ్ళం కాదు. డస్టర్‌తో బల్ల మీద రెండు దెబ్బలు, అంతే, నిశ్శబ్దం. ఈ కాలం పిల్లలు...

యాంకర్: మంచి మాట చెప్పారు సార్, నమస్కారం. రెండు నిమిషాలే ఉంది. నల్గొండ నుంచి చివరి కాల్.

కాలర్: నమస్తే సార్. నాది కూడా బొంగురే. ఇరవై రోజులైంది.

డాక్టర్: ఎన్ని క్లాసులు చెప్తున్నారు?

కాలర్: క్లాసుల్లేవు సార్. ప్రైవేట్ స్కూల్‌లో పీఈటీని. ఏప్రిల్ నుంచి జీతం లేదు. ఆన్‌లైన్‌లో ఆటలేం ఆడిస్తాం. మా బావమరిది ఆటోలో కూరగాయలు అమ్ముతున్నా. వంకాయ, బెండకాయ, టమాటా అని పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా అరుపే. గ్రౌండ్‌లో అయితే విజిల్ ఉండేది.

డాక్టర్: మాస్క్ పెట్టుకునే అరుస్తున్నారా?

కాలర్: ఆ సార్.

డాక్టర్: మాస్క్ మాత్రం తీయకండి. అరవడం మానెయ్యండి. అందరూ చేస్తున్నట్టు ఒక చిన్న మైక్ కొనుక్కుని, గొంతు ఒకసారి రికార్డ్ చేసి పెట్టుకోండి. అదే తిరుగుతుంటుంది.

కాలర్: మైక్ ఉంది సార్. రికార్డు వేరేవాళ్ళతో చేయించాలి. నేను తిరిగేది మా స్కూల్ పిల్లలుండే వీధులే. మాస్క్‌తో గుర్తుపట్టట్లేదు. బొంగురుపోయాక గొంతు కూడా గుర్తుపట్టట్లేదు. మైక్‌లో నా గొంతు వస్తే పట్టేస్తారు.

డాక్టర్: ...

యాంకర్: డాక్టర్ గారూ, టైమ్...

డాక్టర్: ఇరవై రోజులన్నారు కదూ. ఇంకో వారం చూసి తగ్గకపోతే స్కోప్ చేయించుకోండి. నీళ్ళ సీసా ఆటోలో పెట్టుకోండి. మీ బావమరిది గొంతు బాగుంటుందా?

కాలర్: బాగుంటుంది సార్.

డాక్టర్: ఆయనతో చెప్పించండి రికార్డింగ్.

కాలర్: సరే సార్.

యాంకర్: ధన్యవాదాలు. వచ్చే శనివారం కంటి డాక్టర్ గారు వస్తారు. నమస్కారం.