మన ఫోన్ ఎవరి మాట వినాలి? (లైవ్ ఫోన్-ఇన్)

యాంకర్: నమస్కారం అండి. ఇవాళ మనతో ఒక సెక్యూరిటీ ఇంజనీర్ గారు ఉన్నారు. ఇంటర్నెట్ భద్రత, కాపీరైట్, పౌర హక్కులు, వీటి మీద ఏ డౌట్ ఉన్నా అడగొచ్చు. మొదటి కాలర్ లైన్లోనే ఉన్నారు, చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్, నమస్తే సార్. నేనొక వైఫై కెమెరా కొన్నా సార్, దాని సాఫ్ట్‌వేర్ విప్పి చూస్తుంటే లోపల ఒక పాస్‌వర్డ్ కనపడింది, ఆ మోడల్ కెమెరాలన్నిటికీ అదే అనిపిస్తోంది. కంపెనీకి చెప్తా అంటే నీ మీదే కేసు పెడతారు, నీకెందుకు అని మావాళ్ళు గోల పెడుతున్నారు.

నిపుణుడు: మీవాళ్ళ భయం ఉత్తిది కాదు బాబూ. అమెరికాలో 1998లో డీఎంసీఏ అని ఒక కాపీరైట్ చట్టం తెచ్చారు, అందులో 1201 సెక్షన్ ఉంది, కాపీ చేయకుండా పెట్టిన డిజిటల్ తాళాన్ని దాటడమే తప్పు అంటుంది, దాటాక నువ్వు కాపీ కొట్టావా లేదా అన్నది వేరే సంగతి. 2001లో ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫెల్టెన్ టీమ్ కాపీల్ని పట్టుకోడానికి పాటల్లో వినపడకుండా పెట్టే గుర్తులు, అంటే వాటర్‌మార్క్‌లు, ఎంత బలహీనమో పేపర్ రాస్తే, మ్యూజిక్ కంపెనీల సంఘం నుంచి ఆ చట్టం పేరు చెప్పి లెటర్ వచ్చింది, ఫెల్టెన్ వాళ్ళు సదస్సులో ఆ పేపర్ చదవకుండానే వెనక్కి తీసుకున్నారు. ఆ వాటర్‌మార్క్‌ల మీద పరీక్ష పెట్టి, వీలైతే విప్పండి చూద్దాం అని పిలిచింది కూడా ఇండస్ట్రీ వాళ్ళే! అదే ఏడాది జులైలో దిమిత్రీ స్క్లారోవ్ అనే రష్యన్ ప్రోగ్రామర్ లాస్ వేగాస్‌లో ఈబుక్ తాళాల మీద మాట్లాడి వెళ్తుంటే అరెస్ట్ చేశారు. చివరికి ఆయన మీద కేసు తీసేశారు, 2002లో ఆయన కంపెనీ కూడా నిర్దోషి అని జ్యూరీ చెప్పింది, కానీ అప్పటిదాకా ఆ మనిషి పడ్డ నరకం ఎవరు తిరిగిస్తారు చెప్పు?

కాలర్: ఐతే వదిలేయమంటారా సార్?

నిపుణుడు: అస్సలొద్దు, వదిలేస్తే ఆ పాస్‌వర్డ్ రేపు ఏ దొంగకో దొరుకుతుంది. 2016 నుంచి అమెరికాలో మంచి ఉద్దేశంతో చేసే సెక్యూరిటీ రీసెర్చ్‌కి ఆ సెక్షన్ నుంచి మినహాయింపు ఉంది, కాకపోతే మూడేళ్ళకోసారి మళ్ళీ తెచ్చుకోవాలి, పైగా ఇంకో చట్టం కింద కేసు పెడితే అది అడ్డుపడదు. నువ్వున్న చోట చట్టం ఏం చెప్తుందో ఒక లాయర్ని అడుగు. నీ కెమెరా మీదే టెస్ట్ చెయ్, పక్కవాళ్ళ కెమెరాలో పనిచేస్తుందా అని ఊరికే చూడ్డానికి కూడా ముట్టుకోవద్దు. ఏ రోజు ఏం చేశావో రాసిపెట్టుకో. కంపెనీకి రాసేటప్పుడు డబ్బులిస్తే చెప్తా అని మాత్రం రాయకు, అది బెదిరింపు కింద లెక్కేస్తారు. సరిచేసుకోడానికి టైం ఇవ్వు, గూగుల్లో ఇలాంటి లోపాలు వెతికే ప్రాజెక్ట్ జీరో టీమ్ వాళ్ళు ఇచ్చేది 90 రోజులు. కంపెనీతో నేరుగా మాట్లాడ్డం భయమనిపిస్తే సర్ట్ అని, ఇలాంటి లోపాల సంగతి తీసుకుని కంపెనీలకి చేరవేసే సంస్థలుంటాయి, వాటి ద్వారా పంపొచ్చు.

యాంకర్: థాంక్యూ బాబూ. నెక్స్ట్ కాలర్, చెప్పండమ్మా.

కాలర్: సార్, నేను డబ్బులు పెట్టి కొనుక్కున్న ఈబుక్స్, అకౌంట్ లాక్ అయ్యేసరికి అన్నీ పోయాయి. కొన్నవి ఎలా పోతాయి సార్?

నిపుణుడు: బటన్ మీద కొనండి అని ఉంటుందమ్మా, కింద షరతుల్లో మాత్రం చదువుకోడానికి లైసెన్స్ ఇస్తున్నాం అంతే అని ఉంటుంది. 2009లో అమెజాన్ వాళ్ళు కిండిల్ అనే ఈబుక్ మెషీన్‌లో జనం కొన్న రచయిత జార్జ్ ఆర్వెల్ పుస్తకాల్నే వెనక్కి లాగేశారు, హక్కులు లేని పబ్లిషర్ అమ్మాడని. డబ్బు వాపసిచ్చారు, తర్వాత క్షమాపణా చెప్పారు, కానీ నా చేతిలో ఉన్న మెషీన్‌లో ఎవరో దూరంనుంచి చెయ్యి పెట్టి తీసేయగలిగారంటే అది నా మాట వింటున్నట్టా, వాళ్ళ మాట వింటున్నట్టా? నాకు భద్రత అన్నా కాపీరైట్ అన్నా హక్కులన్నా ప్రశ్న ఇదేనమ్మా. 2005లో సోనీ బీఎంజీ పాటల సీడీలు కంప్యూటర్లో పెడితే కాపీ ఆపడానికని ఓనర్‌కి కనపడకుండా రూట్‌కిట్ అనే దొంగచాటు ప్రోగ్రామ్ ఒకటి దాక్కునేది, అది బయటపడ్డ కొద్ది రోజుల్లోనే వైరస్‌లు రాసేవాళ్ళు దాని చాటునే దాక్కోడం మొదలెట్టారు. మీరు అకౌంట్ కోసం అప్పీల్ పెట్టండి, బిల్లులన్నీ జత చేయండి, ఇకమీదట వీలైనంతవరకు డీఆర్ఎం, అంటే కాపీ ఆపే డిజిటల్ తాళం, లేని కాపీలు అమ్మే చోట కొని మీ డిస్క్‌లో దాచుకోండి.

యాంకర్: ఇంకో కాలర్, హలో.

కాలర్: సార్ నాకు ఇద్దరు పిల్లలు. నేను దాచుకునేది ఏమీ లేదు, పిల్లల జోలికొచ్చే వెధవల్ని పట్టుకోడానికి మెసేజ్‌ల తాళంచెవి ఒకటి పోలీసులకిస్తే తప్పేంటి సార్?

నిపుణుడు: మీరడిగింది న్యాయమైన ప్రశ్నండి, పిల్లల భయం ముందు ఏ టెక్నాలజీ ఎక్కువ కాదు. కానీ పోలీసులకి మాత్రమే తెరుచుకునే తలుపు ఎలా కట్టాలో నాకు తెలీదండి, ఇప్పటిదాకా ఎవరూ కట్టి చూపించలేదు కూడా. గ్రీస్‌లో 2004, 2005ల్లో ఏం జరిగిందో చూడండి. వోడాఫోన్ ఎక్స్ఛేంజ్‌ల్లో చట్టబద్ధంగా వినడానికని తయారైన సాఫ్ట్‌వేర్ ఉంది, కంపెనీ దాన్ని వాడటం కూడా లేదు, ఎవరో దొంగచాటుగా ఆన్ చేసి వందమందికి పైగా ఫోన్లు విన్నారు, అందులో ఆ దేశ ప్రధానమంత్రి ఫోన్ కూడా ఉంది. 2024లో అమెరికా టెలికం కంపెనీల్లోకి దూరిన హ్యాకర్లు కోర్టు ఆర్డర్లతో ఫోన్లు వినే వైర్‌ట్యాప్ వ్యవస్థల దాకా వెళ్ళారు. దొంగ కోసం తెరిచిన దారిలో దొంగే వచ్చాడన్నమాట. మీ పిల్లల ఫోటోలు, లొకేషన్, వాళ్ళ మాటలు కాపాడేది కూడా మెసేజ్‌ల మీదుండే ఆ తాళమే, అంటే ఎన్‌క్రిప్షనే కదండి.

కాలర్: మరి పోలీసులు చేతులు కట్టుకు కూర్చోవాలా సార్?

నిపుణుడు: ఎందుకు కూర్చోవాలండి? మెసేజ్ అందుకున్న వాళ్ళు రిపోర్ట్ కొడితే ఆ మెసేజ్ బయటికొస్తుంది, వారెంట్ తెచ్చుకుని అనుమానితుడి ఫోన్ తీసుకోవచ్చు, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారో కంపెనీల దగ్గర చాలావరకు రికార్డు ఉంటుంది. ఒక్కడి మీద అనుమానముంటే ఒక్కడి మీద వెతకాలి, దానికోసం అందరి తాళాలూ బలహీనం చేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను.

కాలర్: సరే సార్, ఇప్పుడు నా ఫోన్లో చేయాల్సింది ఏమన్నా ఉందా?

నిపుణుడు: ఉందండి. అప్‌డేట్ వచ్చిన రోజే పెట్టేయండి, రెండు దశల వెరిఫికేషన్ ఆన్ చేయండి. ఇంకోటి చాలామంది మర్చిపోతారు, వాట్సాప్ మెసేజ్‌లకి ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఉంటుంది కానీ క్లౌడ్ బ్యాకప్‌కి మీరే సెట్టింగ్స్‌లోకెళ్ళి ఆన్ చేసుకోవాలి, 2021 నుంచి ఆ ఆప్షన్ ఉంది. దానికి పాస్‌వర్డ్ పెట్టుకుంటే ఒక కాగితం మీద రాసి దాచండి, మర్చిపోతే కంపెనీవాళ్ళు కూడా తెరవలేరు.