బరువు తగ్గే మందు వాడుతుంటే తలనొప్పా? మాత్ర వేసుకునే ముందు ఇవి చూసుకోండి

నమస్కారం. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ లాంటి ఇంజెక్షన్లు మొదలుపెట్టిన కొత్తలో, డోసు పెంచిన వారాల్లో తలనొప్పి రావడం మామూలే. ఈ మందులతో ఆకలితో పాటు నీళ్లు తాగాలన్న ధ్యాస కూడా తగ్గుతుంది. తిండి తగ్గినప్పుడు అందులోంచి వచ్చే నీరు, ఉప్పు కూడా తగ్గిపోతాయి. వాంతులో విరేచనాలో తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

అందుకే మొదట మూత్రం రంగు చూడండి. లేత పసుపు అయితే సరే. ముదురు రంగులో, కొద్దికొద్దిగా వస్తుంటే ఒంట్లో నీరు చాలట్లేదన్నమాట. దాహం వేసేదాకా ఆగకండి. గంటకోసారి 100 నుంచి 150 మిల్లీలీటర్లు, గుక్కగుక్కగా తాగండి. అర లీటరు ఒకేసారి గటగటా తాగేస్తే వికారం పెరుగుతుంది, ఎందుకంటే ఈ మందు మీద కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లకి కొలత పెట్టినవాళ్లు మాత్రం ఆ కొలత దాటొద్దు.

వాంతులు, విరేచనాలు ఉంటే ఓఆర్‌ఎస్ కలుపుకోండి. లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు, ప్యాకెట్ మొత్తం ఒక్క గ్లాసులో పోసేస్తారు. అంత చిక్కగా తాగితే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి.

నీళ్లు సరిపోతున్నాయా? అయితే చివరిసారి ఎప్పుడు తిన్నారో గుర్తు చేసుకోండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ మాత్ర గానీ కూడా వాడుతున్నవాళ్లకి తలనొప్పితో చెమట, వణుకు వస్తే వెంటనే షుగర్ చూడాలి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలకి మళ్లీ చూడండి. ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, ఆ షుగర్ మందుల డోసు తగ్గించాల్సి రావచ్చు.

ఇంకోటి, కాఫీ. వాసన పడక ఒక్కసారిగా మానేసినా మర్నాటికి తల పట్టేస్తుంది. మెల్లగా తగ్గించండి.

అప్పటికీ తగ్గకపోతే పారాసెటమాల్ 500 ఒకటో రెండో వేసుకోవచ్చు, ఆరు గంటల ఎడంతో. పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, లివర్ సమస్య ఉన్నవాళ్లు ముందే అడగాలి. జలుబు మాత్రల్లోనూ ఇదే ఉంటుంది, అట్ట మీద చదివి లెక్కలో కలపండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ జోలికి వెళ్లకండి, కిడ్నీ మీద దెబ్బ పడుతుంది. వారంలో రెండు మూడు రోజులకి మించి నొప్పి మాత్ర అవసరమవుతుంటే ఆగండి, అతిగా వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి.

ఇంజెక్షన్ కాకుండా బరువు తగ్గే మాత్రలు, అంటే ఫెంటెర్మిన్, లేదా నాల్ట్రెక్సోన్-బుప్రోపియాన్ వాడేవాళ్లు ముందు బీపీ చూసుకోవాలి, ఈ రెండూ దాన్ని పెంచగలవు. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తున పెట్టి కొలవండి.

డోసు పెంచినప్పుడల్లా ఇలాగే అవుతుంటే సొంతంగా మందు మానేయకండి. పాత డోసు మీదే మరికొన్ని వారాలు ఉండొచ్చా అని డాక్టర్‌ని అడగండి. తలనొప్పి ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చినా, చూపు మసకబారినా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా ఇవేవీ చేస్తూ కూర్చోకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.