నిన్న రాత్రి నిద్ర పట్టిందా?

అందరికీ నమస్కారం.

ఈ మధ్య మీరు ఎవరి ఇంటికైనా బాలింతను చూడ్డానికి వెళ్ళుంటే, అక్కడ ఏమేం అడిగారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బరువెంత? ఎవరి పోలిక? పాలు చాలుతున్నాయా? రాత్రిళ్ళు ఏడుస్తున్నాడా? అన్నీ బిడ్డ గురించే. లేచి వచ్చేస్తూ తల్లితో "నువ్వు బాగానే ఉన్నావు కదా?" అంటాం. ఆ "కదా" అనేశాక ఆమె చెప్పడానికి ఇంకేముంటుంది? తలూపుతుంది. మనం వచ్చేస్తాం. ఈరోజు ఆ తల్లి మనసు గురించి మాట్లాడుకుందాం.

కాన్పులో మాయ బయటికి వచ్చాక ఒకటి రెండు రోజుల్లోనే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు బాగా పడిపోతాయి. నెలల తరబడి పెరిగినవి అంత తక్కువ సమయంలో దిగిపోతాయన్నమాట. పైగా కుట్ల నొప్పి, నీరసం, రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వడం. మూడో రోజో నాలుగో రోజో ఊరికే కన్నీళ్ళు వస్తాయి. ఎందుకమ్మా అంటే ఆమెకే తెలియదు. దీన్ని బేబీ బ్లూస్ అంటారు. సగం మందికి పైగా తల్లుల్లో కనిపిస్తుంది, రెండు వారాల్లో దానంతటదే పోతుంది. మందులక్కర్లేదు, పక్కన మనిషి ఉంటే చాలు.

రెండు వారాలు దాటినా పోకపోతే, లేదా కొన్ని నెలలకు కొత్తగా మొదలైతే, అది డిప్రెషన్ కావచ్చు. ప్రసవమైన స్త్రీలలో సుమారు 13 శాతం మందికి మానసిక సమస్య వస్తుందనీ, అందులో ముఖ్యమైనది డిప్రెషనేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వర్ధమాన దేశాల్లో అది 20 శాతానికి దగ్గరగా ఉంది. డిప్రెషన్ అంటే ఏడుస్తూ కూర్చోవడమే అనుకుంటాం. కానీ కొందరికి ప్రతిదానికీ చిరాకు. కొందరికి టెన్షన్, బిడ్డ ఊపిరి తీసుకుంటోందో లేదో అని రాత్రంతా లేచి చూస్తూనే ఉంటారు. ఇంకొందరికి బిడ్డను ఎత్తుకున్నా మనసులో ఏమీ కలగదు. ఈ చివరి మాట ఏ తల్లీ నోరు తెరిచి చెప్పుకోలేదు.

మరో భయం కూడా లోపలే దాచుకుంటారు. మెట్లు దిగుతుంటే "బిడ్డ చెయ్యి జారి పడిపోతే?" అని కళ్ళ ముందు బొమ్మ కట్టడం. ఇలాంటి అక్కర్లేని ఆలోచనలు కొత్త తల్లుల్లో చాలామందికి వస్తాయి. వచ్చినందుకే ఆమె హడలిపోతోందంటే, అలా జరగకూడదనే ఆమె కోరిక. పేగు తెంచుకు పుట్టిన బిడ్డ గురించి ఇలా అనుకుంటావా అని మందలిస్తే ఇంకెప్పుడూ చెప్పదు.

అయితే ఒక స్థితి పూర్తిగా వేరు. వెయ్యి మందిలో ఒకరికో ఇద్దరికో, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో వస్తుంది. నిద్రే లేకపోవడం, లేని మాటలు వినిపించడం, పొంతన లేకుండా మాట్లాడటం, వింత నమ్మకాలు. ఇది సైకోసిస్. రేపు చూద్దాం అనకూడదు, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అంతవరకూ తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలొద్దు. ముందే బైపోలార్ సమస్య, అంటే కొన్నాళ్ళు విపరీతమైన హుషారు, కొన్నాళ్ళు తీవ్రమైన దిగులు, ఉన్నవాళ్ళకు ఈ ముప్పు ఎక్కువ, కాబట్టి ఆ సంగతి కాన్పుకు ముందే డాక్టరుకు చెప్పాలి.

మరి ఏమని అడగాలి? నాకు నచ్చిన ప్రశ్న ఒకటుంది: "బిడ్డ పడుకున్నప్పుడైనా నీకు నిద్ర పడుతోందా?" బిడ్డ లేపితే నిద్ర చెడటం ఎవరికైనా ఉండేదే. బిడ్డ హాయిగా పడుకున్నా, ఒళ్ళు అలసిపోయినా కన్ను మూతపడట్లేదంటే మాత్రం పట్టించుకోవాలి. 1987లో జాన్ కాక్స్, జెనిఫర్ హోల్డెన్, రూత్ సగోవ్స్కీ కలిసి కొత్త తల్లుల కోసం 10 ప్రశ్నల ఎడిన్‌బరో పట్టిక తయారుచేశారు. అందులో అలసట గురించి అడగలేదు. అడిగితే ప్రతి బాలింతా అవుననే అంటుంది కదా! నిద్ర గురించి మాత్రం, దిగులు వల్ల నిద్ర పట్టడం లేదా అని అడిగారు. తేడా చూశారా? పదో ప్రశ్న, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని. దానికి అవునంటే మిగతా మార్కులు ఎన్ని వచ్చాయని చూడక్కర్లేదు, వెంటనే డాక్టరు దగ్గరికే.

నయమవుతుందా? అవుతుంది. పాకిస్తాన్ పల్లెల్లో అతిఫ్ రహ్మాన్ బృందం మామూలు ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, డిప్రెషన్‌లో ఉన్న తల్లుల ఇళ్ళకు మాట్లాడటానికి పంపింది. 2008లో వచ్చిన ఫలితాల ప్రకారం, బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఆ తల్లుల్లో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. ఈ శిక్షణ లేని కార్యకర్తలు మామూలుగా పలకరించి వచ్చిన చోట తల్లుల్లో 53 శాతం. మందులు అవసరమైతే పాలిస్తూ వాడదగ్గవీ ఉన్నాయి. సెర్ట్రలిన్ లాంటిది పాలలోకి చాలా తక్కువ వెళ్తుంది. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి, కాన్పు తర్వాత అది గాడి తప్పినా దిగులు ఇలాగే ఉంటుంది.

ఇక ఇంట్లోవాళ్ళకు నాదో విన్నపం. "ఏదైనా కావాలంటే అడుగు" అనకండి, ఆమె అడగదు. "పది గంటలకి పాలిచ్చి పడుకో, మళ్ళీ పాలకి ఏడ్చేదాకా బిడ్డ నా దగ్గరే" అనండి. "మేమంతా కనలేదా" అన్న మాట ఇక చాలించండి. నేనూ ఒకప్పుడు అన్నాను.

తండ్రుల్లోనూ దాదాపు 10 శాతం మందికి ఈ సమయంలో డిప్రెషన్ వస్తుంది. వాళ్ళను ఎవరూ ఏమీ అడగరు. ఆ పది ప్రశ్నల కాగితాలు తలుపు పక్కన బల్ల మీద పెట్టాను. వెళ్ళేటప్పుడు రెండేసి తీసుకెళ్ళండి.