కార్డు మీద ఒక్క గీత: కాలేయంలో దాక్కున్న హెపటైటిస్ బి

నమస్కారం. నల్గొండ నుంచి మాట్లాడుతున్నా. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఈ రోజు మా సొంత మేనమామ సంగతి చెబుతా. ఆయన చెప్పమన్నాడు కాబట్టే చెబుతున్నా.

మామది హాలియా దగ్గర పల్లె. సాగర్ ఎడమ కాలువ కింద వరి వేస్తాడు. మెడ మీద గడ్డ లేస్తే హైదరాబాద్ తీసుకెళ్లాం. లింఫోమా అన్నారు, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్. కీమోకి ముందు రాసిన రక్తపరీక్షల్లో హెచ్‌బీఎస్ఏజీ కూడా ఉంది, అంటే కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఉందేమో చూసే పరీక్ష. దాన్ని మా ల్యాబ్‌లో నేనే చేశా.

ఆ కార్డు మీలో కొందరు చూసే ఉంటారు. చిన్న ప్లాస్టిక్ ముక్క, ఒక చివర గుంట. అందులో సీరమ్ చుక్కలు వేస్తే తడి మెల్లగా తెల్లటి పట్టీ మీద పాకుతుంది. 'సి' అన్న చోట గీత వస్తే కార్డు సరిగ్గా పనిచేసినట్టు. 'టి' దగ్గర కూడా వస్తే హెపటైటిస్ బి ఉన్నట్టు. పావుగంట చూశా. ఒక్క గీతే వచ్చింది. "ఏం లేదు మామా" అన్నా.

ఆరు కీమోలు అయ్యాయి, ప్రతిసారీ రిటుక్సిమాబ్ ఇంజెక్షన్‌తో కలిపి. గడ్డ కరిగిపోయింది. ఇంకో నాలుగు నెలలకు అత్తమ్మ ఫోన్ చేసింది. మామ కళ్లు పచ్చగా ఉన్నాయని, అన్నం వాసన వస్తేనే వాంతి అంటున్నాడని. ఎస్‌జీపీటీ, అంటే కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్, 40 లోపు ఉండాల్సింది 900 దాటింది. మళ్లీ అదే కార్డు తీశా. ఈసారి పావుగంట ఆగే పని లేకపోయింది. రెండు గీతలు, రెండోది ముదురు ఎరుపు.

"అప్పుడు ఏం లేదంటివి గద అల్లుడా, ఇప్పుడు యాడికెళ్లి వచ్చింది?" అన్నాడు మామ.

ఎక్కడి నుంచో రాలేదు. ఆయన కాలేయంలోనే ఉంది.

పొలంలో తుంగ పీకినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పైన ఆకు పీకేస్తాం, మడి శుభ్రంగా కనిపిస్తుంది, కింద గడ్డ మాత్రం మట్టిలోనే ఉంటుంది. హెపటైటిస్ బి వైరస్ కాలేయ కణం కేంద్రకంలోకి వెళ్లి తన డీఎన్ఏని చిన్న వలయంలా చుట్టి పెట్టుకుంటుంది. దాన్ని సీసీసీ డీఎన్ఏ అంటారు. పెద్దయ్యాక ఈ వైరస్ సోకితే వందలో దాదాపు 95 మంది రక్తం నుంచి దాన్ని తరిమేస్తారు. కానీ కాలేయంలో ఆ వలయాలు మిగిలిపోవచ్చు. హెచ్‌బీఎస్ఏజీ అనేది వైరస్ పైపొర ప్రోటీన్, అంటే ఆకు లాంటిది. మన రోగనిరోధక శక్తి ఏ రోజుకారోజు ఆకు తీసేస్తుంటే కార్డుకి ఏం దొరుకుతుంది? దీన్నే దాగి ఉన్న హెపటైటిస్ బి అంటారు. రక్తంలో వైరస్ డీఎన్ఏ దొరికినా సాధారణంగా మిల్లీలీటరుకు 200 యూనిట్ల లోపే ఉంటుంది. ఒక్కోసారి అసలు దొరకదు. కొందరిలో వైరస్ పైపొర మారిపోయి కిట్టుకి చిక్కకపోవడం కూడా ఉంది.

రిటుక్సిమాబ్ చేసే పని బి కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాలను తుడిచిపెట్టడం. లింఫోమాకి అది మంచి మందు, అందులో సందేహం లేదు. కానీ వైరస్ తిరిగి లేవకుండా కాపలా కాసేవాటిలో ఆ బి కణాలూ ఉన్నాయి. కలుపు తీసేవాళ్లు లేకపోతే తుంగ లేవకుండా ఉంటుందా?

మామకు ఇన్ఫెక్షన్ ఎప్పుడు సోకిందో ఎవరూ చెప్పలేరు. చిన్నప్పుడు ఒకసారి కామెర్లు వస్తే పసరు పోయించామని అమ్మమ్మ అంటుంది. అది హెపటైటిస్ ఏ అయినా కావచ్చు. అయితే ఒక మాట. కామెర్లు తగ్గితే ఆ పేరు పసరుకి పోతుంది. నిజానికి తగ్గించేది ఒంట్లోని శక్తే. కళ్లు తెల్లబడ్డంత మాత్రాన లోపల అంతా పోయిందని అనుకోవద్దు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. కార్డు అబద్ధం చెప్పలేదు. కానీ మామకు రాయాల్సిన ఇంకో పరీక్ష ఎవరూ రాయలేదు. దాని పేరు యాంటీ హెచ్‌బీసీ టోటల్, మేం కోర్ యాంటీబాడీ అంటాం. వైరస్ లోపలి భాగానికి ఎదురుగా మన ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీన్ అది. వైరస్ ఎప్పుడైనా ఒంట్లోకి వచ్చి ఉంటే అది మామూలుగా జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. టీకా వల్ల పాజిటివ్ రాదు, నిజంగా సోకితేనే వస్తుంది. కొద్దిమందిలో ఇది కూడా నెగెటివ్ రావచ్చు, అయినా మన చేతిలో ఉన్న మంచి ఆనవాలు ఇదే. కొత్తగా సోకినప్పుడు చూసే ఐజీఎం కాదు, టోటల్ అని గుర్తుపెట్టుకోండి. రిటుక్సిమాబ్‌కి ముందు ప్రతి రోగికీ ఈ రెండు పరీక్షలూ చేయాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే మందు కాగితంలో పెట్టెకట్టి హెచ్చరించింది. కోర్ పాజిటివ్ ఉన్నవాళ్లకు ముందుగా వైరస్‌ని అణిచే గోలీ ఇవ్వకుండా ఈ ఇంజెక్షన్ ఇస్తే వందలో పదిమందికి పైగా వైరస్ తిరగబడే ప్రమాదం ఉంది. ఆ గోలీ ఎంటెకావిర్ లేదా టెనోఫోవిర్, రోజుకొకటి. చికిత్స ముగిశాక కూడా కనీసం ఏడాది, కొందరికి ఏడాదిన్నర కొనసాగిస్తారు.

రిటుక్సిమాబ్ క్యాన్సర్‌కే కాదు, కీళ్లవాతానికీ ఇస్తారు. మూలకణాల మార్పిడి, పెద్ద డోసులో నెలల తరబడి స్టెరాయిడ్లు... వీటన్నిటికీ ముందు డాక్టర్‌ని అడగండి: "సార్, కోర్ యాంటీబాడీ చూశారా?" అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకండి.

కోర్ పాజిటివ్ అని రిపోర్టు వస్తే టెన్షన్ పడొద్దు. చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా బతికేస్తారు. ఇంట్లో పళ్లెం, గ్లాసు వేరుగా పెట్టకండి. కలిసి తింటే ఇది అంటదు. కానీ మద్యం అలవాటు, కొవ్వు పట్టిన కాలేయం, సిరోసిస్ (కాలేయం గట్టిపడిపోవడం) తోడైతే కాలేయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, వాళ్లు డాక్టర్ దగ్గర చూపించుకుంటూ ఉండాలి. రక్తదానానికి ముందు ఈ విషయం బ్లడ్ బ్యాంకులో చెప్పండి. అక్కడ హెచ్‌బీఎస్ఏజీ తప్పకుండా చూస్తారు, కానీ దాగిన వైరస్ దానికి చిక్కకపోవచ్చు. పదేపదే రక్తం ఎక్కించుకునే థలసేమియా పిల్లలకు టీకా తప్పనిసరి అనేది అందుకే. మన దేశపు మొదటి రీకాంబినెంట్ (జన్యు పద్ధతిలో తయారైన) హెపటైటిస్ బి టీకా 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ నుంచే వచ్చింది. పుట్టిన 24 గంటల్లో బిడ్డకు మొదటి డోసు వేయించండి. ఆ వయసులో సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది.

మామ నెలకు పైగా ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. రోజూ ఒక గోలీ వేసుకుంటాడు, డాక్టర్ చెప్పేదాకా ఆపడానికి లేదు. ఆపితే మళ్లీ తిరగబడవచ్చు. మొన్న నాట్లప్పుడు ఫోన్ చేశాడు. "అల్లుడా, రెండే ఉన్నయ్, చూసుకోలేదు" అన్నాడు. అదే సాయంత్రం హాలియా బస్సులో తెలిసినాయన చేతికిచ్చి పంపా. చీకటి పడ్డాక అత్తమ్మ ఫోన్ చేసి అందాయని చెప్పింది.