నానోట్యూబ్ మీద ఆక్సైడ్ పూత పట్టిందని ఎలా తెలుస్తుంది?

నమస్కారం. ఈరోజు, ఒకదానిలో ఒకటి ఇమిడిన అతి సన్నని కార్బన్ గొట్టాలైన మల్టీవాల్ కార్బన్ నానోట్యూబ్‌ల మీద టైటానియం డయాక్సైడ్ పూత వేద్దాం. రెండు పొడులూ కలిపి నూరితే వచ్చేది ఒట్టి మిశ్రమమే. కాంతి పడినప్పుడు ఆక్సైడ్ నుంచి ట్యూబ్‌లోకి ఎలక్ట్రాన్ దాటాలంటే రెండూ గట్టిగా అతుక్కోవాలి. నా దృష్టిలో ఈ పనంతటికీ ప్రాణం ఆ అతుకే.

ట్యూబ్ గోడ నున్నగా ఉంటుంది, ఆక్సైడ్‌కు పట్టు దొరకదు. అందుకే ముందు నైట్రిక్ ఆమ్లంలో రిఫ్లక్స్ చేస్తాం, అంటే ఆవిరి చల్లబడి మళ్లీ అందులోనే పడేలా మరిగిస్తాం. గోడ మీద ఆక్సైడ్ పట్టుకోవడానికి వీలిచ్చే కార్బాక్సిల్ (–COOH) సమూహాలు ఏర్పడతాయి. మరీ ఎక్కువసేపు ఉంచితే ట్యూబులే తెగిపోతాయి, జాగ్రత్త. పొడి తూచేది కూడా గాలిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లోనే. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు.

ఆమ్లం పూర్తిగా పోయేదాకా కడిగి, ఆరబెట్టి, ఐసోప్రొపనాల్‌లో సోనికేట్ చేయండి, అంటే అల్ట్రాసౌండ్ తరంగాలతో ట్యూబులను విడదీయండి. నీళ్లు తగిలితే ఆక్సైడ్ ఇచ్చే టైటానియం ఐసోప్రొపాక్సైడ్ కలిపాక, ఆల్కహాల్‌లో కలిపిన నీళ్లను చుక్కచుక్కగా వేయండి. తొందరపడి ఒక్కసారే పోస్తే ఆక్సైడ్ ట్యూబ్‌ను వదిలేసి విడిగా తెల్లటి ముద్ద కడుతుంది. తర్వాత ఆర్గాన్‌లో సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చితే టైటానియం డయాక్సైడ్ స్ఫటిక రూపాల్లో ఒకటైన అనటేజ్ వస్తుంది. గాలిలో వేడి ఎక్కువైతే కార్బన్ కాలిపోతుంది, పైన ఉన్న ఆక్సైడ్ ఆ మంటను ఇంకా త్వరపెడుతుంది.

ఇప్పుడు అందరికీ టెన్షన్ పెట్టే చోటు. ఎక్స్-కిరణాలతో స్ఫటికాన్ని గుర్తించే ఎక్స్‌ఆర్‌డీలో ట్యూబ్ పీక్ కనిపించదు! కంగారుపడకండి. రాగి నుంచి వచ్చే ఎక్స్-కిరణాలతో తీస్తే, వివర్తన కోణం (2θ) లెక్కన అనటేజ్ ముఖ్యమైన పీక్ 25.3 డిగ్రీల దగ్గర, ట్యూబ్‌ది 26 దగ్గర వస్తాయి. బలమైనది బలహీనమైనదాన్ని కప్పేస్తుంది. అలాంటప్పుడు, లేజర్ కాంతితో పదార్థంలోని కంపనాలను చూసే రామన్ తీయండి. 144 cm⁻¹ దగ్గర అనటేజ్, 1350 దగ్గర ట్యూబ్ గోడలోని లోపాలను చూపే డి బ్యాండ్, 1580 దగ్గర గ్రాఫైట్ లాంటి కార్బన్‌ను చూపే జి బ్యాండ్ విడివిడిగా కనిపిస్తాయి. అయితే రామన్ రెండూ ఉన్నాయనే చెబుతుంది, అతుక్కున్నాయని చెప్పదు. దానికి టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చూడాలి. సోనికేట్ చేసిన తర్వాత కూడా రేణువులు ట్యూబ్‌ను వదలకపోతే పట్టు గట్టిదే. ఎంత ఆక్సైడ్ ఎక్కిందో, వేడి చేస్తూ బరువు తూచే టీజీఏ చెబుతుంది: గాలిలో కార్బన్ కాలిపోగా మిగిలినది దాదాపు ఆక్సైడే.

చివరగా, కాంతి పడినప్పుడు పూత రంగును ఎంత విరగ్గొడుతుందో చూసే మిథిలీన్ బ్లూ (నీలి రంగు) పరీక్ష. ట్యూబులు రంగును ఊరికే పీల్చుకుంటాయి. అదంతా కాంతి చేసిన పని అనుకుంటే లెక్క తప్పుతుంది. అందుకే ముందు చీకట్లో, రీడింగ్ నిలకడగా వచ్చేదాకా కలపండి. అప్పుడు 664 నానోమీటర్ల దగ్గర కొలిచిన కాంతి శోషణ విలువను రాసుకుని, ఆ తర్వాతే యూవీ దీపం వెలిగించండి.